సీసా గోడకు మిగిలినది

"నాలుగు గంటలకు ఈ పిల్లను స్టేషనుకు తీస్కపోత," అన్నాడు సీఐ రఘుపతి. "అప్పటిదాంక నువ్వేం అడుక్కుంటవో అడుక్కో."

డిటెక్టివ్ ఐలేశం గోడ గడియారం చూశాడు. పన్నెండూ పది.

"అడుక్కునుడు మా ఇంట్ల లేదు సార్. అడుగుత."

జడ్చర్లలోని ఆ ప్రైవేటు ల్యాబులో వాళ్లు కూర్చున్న గది చిన్నది. బల్లకు అవతల సింధూజ. ఇరవై ఆరేళ్లు. నాలుగేళ్లుగా ఈ ల్యాబులో పరీక్షలు చేస్తోంది. నిన్నటి నుంచి సస్పెన్షన్‌లో ఉంది. వరండాలో బెంచీ మీద ఆమె తల్లి బాలనర్సమ్మ కూర్చుని ఉంది. ఐలేశాన్ని పిలిపించింది ఆ తల్లే.

కేసు చిన్నదే. బాలయ్య అనే రైతుకు మహబూబ్‌నగర్‌లో ఒక నర్సింగ్‌హోంలో శుక్రవారం ఆపరేషన్ అయింది. ఆదివారం పొద్దున తొమ్మిదికి ఇంటికి పంపారు. సాయంత్రం ఆరుకు మంచంలోనే ప్రాణం పోయింది. పోస్టుమార్టంలో తీసిన మూత్రం ఈ ల్యాబుకు వచ్చింది. సోమవారం పరీక్షలో ఆపరేషన్ బల్ల మీద ఇచ్చే మత్తుమందు దొరికింది. మిల్లీలీటరుకు నాలుగు నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. గురువారం అదే మూత్రాన్ని మళ్లీ పరీక్షిస్తే ఏమీ దొరకలేదు. రెండు రిపోర్టుల మీదా సంతకం సింధూజదే.

ఐలేశం ఊరి బడిలో పది చదివి, ఇరవై రెండేళ్లు ఒక పెద్ద ల్యాబులో సీసాలు కడిగాడు. భార్య పోయాక ఆ పని మానేశాడు. ఆమె రక్త పరీక్ష రిపోర్టులో 'ఏమీ లేదు' అని రాశారు. ఏమీ లేకపోతే మనిషి ఎట్లా పోయిందని అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. ఆ రెండు మాటలు రాసిన చేతిని అతను ఇంతవరకు క్షమించలేదు. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న పిల్ల కూడా ఆ రెండు మాటలే రాసింది.

"సోమారం సంగతి చెప్పు."

"పదకొండుకు సీస వచ్చింది సార్. పన్నెండున్నరకు మిషన్ల పెట్టిన. నాలుగొచ్చింది."

"ఎవరి సీసనో తెలుసా అప్పుడు?"

"తెల్వదు. నంబరొక్కటే ఉంటది."

"ఎప్పుడు తెలిసింది?"

"మంగళారం. పేపర్ల పడ్డది."

"ఆ నర్సింగ్‌హోంల నీ తమ్ముడు పని చేస్తడు."

"చేస్తడు. ఎల్లేష్. వార్డుల ఉంటడు. వాన్ని నేనే చదివిచ్చిన సార్. బాపు పోయినంక."

"అది నేనడగలే. బుధారం చెప్పు."

సింధూజ తల దించుకుంది. "మూడూ పదికి కోల్డ్ రూంలకు పోయిన. లీటరు సీసల మిగిలింది మూడు చిన్న సీసలల్ల పోసిన. ఒకటి మాకు, ఒకటి కోర్టుకు, ఒకటి అవతలి పార్టీకి. మూడూ ముప్పై అయిదుకు బయటికొచ్చిన."

"మూడు సీసలల్ల పోసుడు ఎంతసేపటి పని?"

"అయిదు నిమిషాలు."

"మిగిలిన ఇరవై నిమిషాలు?"

రఘుపతి కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు.

"చూసినవా ఐలేశం? నేను రెండు దినాల సంది గా ఇరవై నిమిషాలే అడుగుతున్న. మంగళారం పేరు తెలిసింది. బుధారం లోపలికి పోయింది. గురువారం మందు మాయం. తమ్ముని కొలువు కోసం సీసల మూత్రం మార్చింది. ఇంత సీదా కేసు నా సర్వీసుల చూడలే."

"సీదాగున్న కేసును మీరు ఎప్పుడు విడిచిపెట్టిన్రు సార్."

"నువ్వు సీసలు కడిగెటోనివి. నాకు పోలీసు పని నేర్పకు."

"కడిగెటోన్నే. అందుకే ఒకసారి సీసలు చూస్త."

కోల్డ్ రూం తాళం ల్యాబు పెద్ద నిహారిక మేడమ్ తీసింది. హైదరాబాద్ మనిషి. మాట తక్కువ. రఘుపతి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

మొదటి అరలో నంబరు చీటీ అంటించిన లీటరు నీళ్ల సీసా. ఖాళీ.

"మూత్రం దీంట్ల తెచ్చిన్రా?"

"పోస్టుమార్టం గదిల డబ్బలు అయిపోయినయి," అన్నాడు రఘుపతి. "మావోడు కొత్త సీస కొని, నీళ్లు పారవోసి, దాంట్లనే పోయించిండు. సీలు సక్కగనే ఉంది. ఏమన్న తప్పా?"

"ఎంత పోసిన్రు?"

"ముప్పై మిల్లీలీటర్లు వచ్చింది," అంది నిహారిక.

లీటరు సీసాలో రెండు చెంచాల మూత్రం. పోస్టుమార్టం గది నుంచి ఇక్కడిదాకా బండి మీద, లోపల నలుమూలలా తగులుతూ వచ్చి ఉంటుంది. ఐలేశం ఆ మాట పైకి అనలేదు. రెండో అరలో మూడు చిన్న సీసాలు ఉన్నాయి. రెండింటికి లక్క ముద్రలు. మూడోది గురువారం పరీక్షకు తెరిచినది. పక్కనే అట్టపెట్టెలో వాడని సీసాలు. ఒకటి తీసి ట్యూబులైటుకు ఎత్తి చూశాడు. అడుగున, గోడల మీద పలచటి తెల్లటి పొర. తెరిచిన సీసాను పక్కనే ఎత్తిపట్టాడు. అడుగునున్న మూత్రానికి పైన దాని గోడ అద్దంలా తేటగా ఉంది.

రెండూ ఒక పెట్టెలోవే. ఒకదానికి ఆ తెలుపు ఉంది. ఒకదానికి లేదు.

గది మూలనున్న సింకు చూశాడు. పక్కన శుద్ధి చేసిన నీళ్ల డబ్బా. మూతకు కట్టిన చీటీలో ఎవరు ఎప్పుడు ఎంత వాడారో రాసి ఉంది. బుధవారం గడిలో ఏమీ లేదు. కానీ మంగళవారం సాయంత్రం మిగిలిన నీళ్లకు, గురువారం పొద్దున మిగిలిన నీళ్లకు మధ్య లీటరున్నర తేడా ఉంది.

అతను వాడని సీసా ఒకటి పట్టుకుని వరండాలోకి నడిచాడు.

బాలనర్సమ్మ కాళ్లు ముందుకు చాపుకుని కూర్చుని ఉంది. మోకాళ్లు ముడుచుకోవు. మోచేతులు సగమే వంగుతాయి. ఊరు మర్రిగూడ దగ్గర. నలభై ఏళ్లు మగ్గం పని, నలభై ఏళ్లు ఫ్లోరైడు నిండిన ఆ బోరు నీళ్లు.

"కూసో బిడ్డా," అంది పక్కకు జరగలేక జరుగుతూ. "తిన్నవా?"

ఆ మాట అతన్ని ఎవరూ అడగక చాలా కాలమైంది. కూర్చున్నాడు. సీసా ఆమె చేతిలో పెట్టాడు.

"గిదేందమ్మా?"

ఆమె సీసాను దూరంగా పట్టి చూసింది. ముఖం చిట్లించింది.

"ఛీ. గింత పెద్ద కంపినోళ్లు కడగకుండ ఇస్తరా? గీ తెలుపు మా బిందెలకుంటది. మా వంట గంజులకుంటది. గిదే కద నా కాళ్లు వంచింది. ఇప్పుడు నల్లా నీళ్లొచ్చినయి గని, నా కాళ్లకేమొచ్చింది? మా ఇంట్ల తెల్లగున్న గిన్నెల ఏదీ పొయ్యం. మూడుసార్లు కడుగుతం. అటెనుకనే పోస్తం. నా బిడ్డకు ఉగ్గుపాలతోని నేర్పిన."

"మూడుసార్లా?"

"మూడు. ఒకటి తక్కువైతె దెబ్బలు తినేది."

ఐలేశం లేచాడు. లోపలికి వెళ్లి సింధూజ ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. ఈసారి గొంతు తగ్గింది.

"బుధారం ఆ మూడు సీసలు కడిగినవు. మూడేసిసార్లు."

సింధూజ కళ్లెత్తింది.

"కడిగిన సార్. అడుగున తెల్లగ కనపడ్డది. బోరు నీళ్లతోని కడిగి ఆరవెట్టిన్రనుకున్న. దాంట్ల పోస్తే పరీక్ష ఖరాబవుతదని భయమైంది. కడిగి, ఆరవెట్టి, పోసిన. ఇరవై నిమిషాలు దానికే పోయినయి."

"ఎందుకు చెప్పలే?"

"కొత్త సీసలు కడగొద్దని రూలుంది. రూలు తప్పిన్నంటె కొలువు పోతదని... రెండు దినాలు గదే చెప్పుకోలేకపోయిన. దొంగను కాదు సార్."

నిహారిక మేడమ్ చేతిలోని కాగితాలు బల్ల మీద పడేసింది.

"కడిగావా! ఆ తెలుపు నేనే వేయించాను సింధూజా. అది నీళ్ల మరక కాదు, ప్రోటీన్. గుడ్డు తెల్లసొనలాంటిది. రక్తంలో ఎట్లాగూ ప్రోటీన్ ఉంటుంది, మందును పట్టుకుని ఉంచుతుంది. మూత్రంలో అది ఉండదు. ఇంత తక్కువ మందు ఉత్త ప్లాస్టిక్ సీసాలో పోస్తే పోయి గోడకు అతుక్కుంటుంది. ముందే గోడ నిండా ప్రోటీన్ కూర్చుంటే మందుకు జాగా ఉండదు."

"ఈ ముచ్చట ఆ పిల్లకు చెప్పిన్రా మేడమ్?" అన్నాడు ఐలేశం.

నిహారిక కాగితాలు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "లేదు. కొత్త సీసాను ఎవరైనా కడుగుతారని నేననుకోలేదు."

"ఆ నీళ్లు తాగిన ఊర్లె పుట్టలేదు కద. మీకెట్ల తెలుస్తది."

తెరిచి ఉన్న తలుపులోంచి బాలనర్సమ్మ గొంతు వినిపించింది. "గంజి లెక్కనా బిడ్డా? గంజి వెట్టని పోగు గంతే. తాకిన దాన్నల్ల పట్టుకుంటది."

"గంతేనమ్మా," అన్నాడు ఐలేశం. "నీ బిడ్డ గంజి కడిగేసింది."

రఘుపతి చప్పట్లు కొట్టాడు. మూడే మూడు.

"మస్తుంది కథ. తల్లి గంజి అంటది, బిడ్డ కడిగిన అంటది, నువ్వు తలూపుతవు. గోడకు అంటుకున్నదని నేను కోర్టుల చెప్పాల్నా? జడ్జి నవ్వడా?"

"నమ్మకున్రి సార్. ఆ సీసల మూత్రం తీసేసి ఖాళీ సీస పరీక్ష చేయిద్దాం. పిల్ల మూత్రం మార్చి ఉంటే గోడకు ఏమీ ఉండదు. మార్చకుంటే పోయిన నాలుగు అక్కడనే ఉంటయి. పిల్ల చెయ్యి తగలొద్దు. మేడమే చేస్తది. మీరు పక్కన నిలబడి టైము రాయిన్రి."

"ఏం దొరకకుంటె?"

"నేనే జీపు ఎక్కిస్త."

సింధూజ అతని వైపు చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

ఒంటిగంట ఐదు. నిహారిక ముందు వాడని సీసాను కడిగి, ఆరబెట్టి, దాన్ని మిథనాల్ అనే స్పిరిట్‌తో తొలిపింది. ఆ స్పిరిట్‌ను మిషన్‌లో పెట్టింది. ఏమీ లేదు. సీసాలో గానీ, స్పిరిట్‌లో గానీ ముందే మందు లేదని రఘుపతి చేత రాయించాడు ఐలేశం. తర్వాత గురువారం సీసా. మూత్రం వేరే తీసి, కొద్దిగా మిథనాల్ పోసి, మూత బిగించి, నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా పదిహేను నిమిషాలు తిప్పింది. గోడను వదిలి మందు స్పిరిట్‌లోకి రావాలి. రాకపోతే ఒక ఆడపిల్ల జైలుకు పోతుంది.

మిషన్ తొమ్మిది నిమిషాలు తీసుకుంది. ఆ తొమ్మిది నిమిషాలూ సింధూజ గాజు తలుపు అవతల నిలబడి ఉంది. ఒంటిగంటా నలభై రెండుకు తెర మీద గీత నేలబారు నుంచి లేచింది. సూదిలా నిలబడింది.

"మిల్లీలీటరు మూత్రానికి లెక్కేస్తే మూడు పాయింట్ ఏడు," అంది నిహారిక. "సోమవారం నాలుగు. మూత్రం అదే. మార్చలేదు."

రఘుపతి టోపీ తీసి తల గోక్కున్నాడు. క్షమాపణ చెప్పలేదు. ఐలేశం కూడా ఆశించలేదు. అట్లాంటి మనుషులు ఓడిపోయినప్పుడు టోపీ సర్దుకుంటారు, అంతే.

సింధూజ వరండాలోకి పరుగెత్తింది. తల్లి కాళ్ల దగ్గర కూలబడి ఒడిలో ముఖం దాచుకుంది. బాలనర్సమ్మ వంగని చేతిని ఎత్తలేక, మణికట్టుతోనే ఆమె జుట్టు నిమిరింది.

"ఏడుస్తవేంది పిచ్చిదాన? కడుగుమన్నది నేను. జైలుకు నన్ను తీస్కపొమ్మను. కూసోవెడితె కూసుంట, ఎట్లన్న లేవరాదు."

ఐలేశం గోడవైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తుడవాల్సినంత దుమ్ము వాటి మీద లేదు.

అక్కడితో ఆగి ఉంటే అందరూ అన్నం తినేవాళ్లు. ఆగనిది సింధూజే. కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చింది.

"మేడమ్, ఆ పెద్ద సీస గూడ చూడాలె."

"ఎందుకు? నీ మీద మాట పోయింది కదా."

"నా మాట కాదు మేడమ్. ఆ నీళ్ల సీసకు లోపల ప్రోటీన్ గిట్ల ఏం లేదు. ఆదివారం రాత్రి నుంచి మూత్రం దాంట్లనే ఉంది. లీటరు సీసల ముప్పై మిల్లీలీటర్లు. నేను సోమారం చూసిన నాలుగు, గోడ తాగంగ మిగిలిందే. నా రిపోర్టు తప్పు. నా సంతకం ఉంది దాని మీద."

"మందు దొరికిన సీసను ఎంత పోయిందని ఎవ్వరడుగుతరు?" అన్నాడు రఘుపతి.

"అడగాలె సార్," అంది సింధూజ.

ఐలేశం ఆ పిల్లను చూశాడు. తన భార్య రిపోర్టు రాసిన రోజు ఆ గదిలో ఇట్లాంటిది ఒక్కతి ఉండి ఉంటే చాలేది.

"చేయిన్రి మేడమ్," అన్నాడు.

సింధూజ తలుపు దాకా వెళ్లి తల్లికి చెప్పింది. "నన్ను వదిలేస్తున్నరమ్మా. గా పెద్ద సీస గూడ చూస్తం. అరగంట."

రెండూ ఐదుకు కొత్త నీళ్ల సీసా ఒకటి తెప్పించి తొలిపారు. ఏమీ లేదు. రెండూ ఇరవైకి బాలయ్య సీసా. రెండూ నలభై ఐదుకు తెర మీద గీత లేచింది. లేస్తూనే పోయింది. నిహారిక కొలత మార్చి మళ్లీ చూసింది. కాగితం మీద లెక్క వేసింది. ఇంకోసారి వేసింది.

"గోడకున్నదీ, సోమవారం చూసిందీ కలిపితే మిల్లీలీటరుకు అరవై రెండు."

"అంటే?"

"నాలుగంటే శుక్రవారం ఆపరేషన్‌లో ఇచ్చింది ఒంట్లో మిగిలిందనుకోవచ్చు. అరవై రెండు మిగలదు. ఇది చనిపోయే ముందు ఇచ్చింది. రెండు మూడు గంటల్లోపల."

"రెండు మూడు గంటల ముందు బాలయ్య దవాఖానల లేడు," అన్నాడు ఐలేశం. "ఇంట్ల ఉండె. సార్, ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటికి ఎవరొచ్చిన్రు?"

రఘుపతి ఫైలు తెరిచాడు. ఒక కాగితం తిప్పాడు. రెండోది తిప్పాడు. వేలు ఒక వరుస మీద ఆగింది. ఈసారి అతను నవ్వలేదు. సింధూజ వైపు చూడలేదు కూడా.

"బాలయ్య భార్య వాంగ్మూలం. నాలుగు గంటలకు నర్సింగ్‌హోం నుంచి పిలగాడొచ్చి కట్టు మార్చిండు. నొప్పి తగ్గుతదని సూది వేసిండు." వరండాలోకి వినపడకుండా గొంతు తగ్గించాడు. "పేరు ఎల్లేష్."

సింధూజ తెర దగ్గరికి వెళ్లి అంకె మళ్లీ చదివింది.

"డాక్టరు వెయ్యమన్నడో, వాడే వేసిండో ఇంక తెల్వదు," అన్నాడు ఐలేశం. ఆ మాట తనకే బలహీనంగా వినిపించింది.

నిహారిక పెన్ను పట్టుకుంది. రాయలేదు. సింధూజ రిజిస్టరును ఆమె ముందుకు జరిపింది.

"రాయిన్రి మేడమ్. అరవై రెండు."

"సింధూజా..."

"రెండూ నలభై ఐదు. మిథనాల్ తొలుపు. ఖాళీ సీసల ఏమీ లేదు. బాలయ్య సీస, అరవై రెండు. రాయిన్రి. చిన్న సీసలు నేను కడిగిన్నని గూడ రాయిన్రి. సంతకం చేస్త."

చేసింది. ఐలేశానికి ఆమె తల మీద చెయ్యి వేయాలనిపించింది. అలవాటు తప్పిన చేయి జేబులోనే ఉండిపోయింది.

అప్పుడు వరండాలోంచి బాలనర్సమ్మ గొంతు, సంబరంగా, పెద్దగా వినిపించింది. చేయి చెవిదాకా వంగదు గనక ఆమె ఫోను ఎప్పుడూ ఒడిలో పెట్టుకుని స్పీకరులోనే మాట్లాడుతుంది.

"ఎల్లీ, అక్కకేం కాదురా! వదిలేసిన్రు! మందు ఎటూ పోలేదట. సీసకే అంటుకోని ఉందట. ఇప్పుడు గా పెద్ద సీస గూడ చూస్తున్నరు."

ఐలేశం తలుపు దగ్గరకు చేరేసరికి ఫోను నిశ్శబ్దంగా ఉంది. గాలి చప్పుడు మాత్రం వస్తోంది. తర్వాత ఒక కుర్ర గొంతు. అక్క ఎట్లున్నదని అడగలేదు. ఏడుస్తున్నదా అని అడగలేదు.

"ఎంతొచ్చిందట?"

"గవన్ని నాకేం తెలుసురా? అరవై అంటున్నరు లోపల. నువ్వొచ్చి అడుగు. వస్తవా?"

ఫోను ఆగిపోయింది.

రఘుపతి బూట్లు మెట్ల మీద పరుగెత్తాయి. కింద జీపు స్టార్టయింది. బాలనర్సమ్మ బొటనవేలితో మళ్లీ నొక్కింది. స్విచాఫ్ అని ఆడగొంతు చెప్పింది. ఇంకోసారి నొక్కింది. అదే.

"బస్సెక్కినట్టున్నడు," అంది కూతురిని చూసి నవ్వుతూ. "అక్క అంటె పాణం వానికి. ఆగలేడు. వస్తడు సూడు."

సింధూజ తల్లి పక్కన కూర్చుంది. ఒడిలోంచి ఫోను తీసి తన చేతిలో పట్టుకుంది. ఐలేశం ఆ బెంచీకి అవతలి కొసన కూర్చున్నాడు. ఆ తల్లికి నిజం చెప్పాల్సిన మనిషి తనే. ఎవరూ అతనికి ఆ పని అప్పజెప్పలేదు.

"అమ్మా," అన్నాడు. "తిన్నవా?"